అబ్బా బయాజ్‌ల ఒక డయోడ్

పోయిన షాబాన్ నెలల ఒక పగటిపూట నేను మా ఇంటి తలుపు ముంగట నలభై నిమిషాలు నిలబడ్డ.

బెల్ నొక్కిన. మల్ల నొక్కిన. లోపలి నుంచి గొళ్లెం పెట్టి ఉంది. ఫోన్ చేస్తే లోపల మోగుతున్నది, కిటికీల నుంచి నాకు వినబడుతున్నది, అమ్మీకి వినబడుతలేదు. బేగం, బిడ్డ ఇద్దరూ దావత్ ఉందని సదాశివపేట పోయిన్రు. ఇంట్ల అమ్మీ ఒక్కతే. డెబ్బై ఆరేండ్ల మనిషి, బీపీ మనిషి. ఆ నలభై నిమిషాలల్ల నా దిల్ ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో చెప్పలేను. ఆఖరికి పక్కింటి పోరడు గోడ దుంకి వెనక కిటికీ కాడికి పోయి చూస్తే, అమ్మీ జానిమాజ్ మీద కూసోని తస్బీహ్ తిప్పుకుంట ఉంది. కిటికీల మనిషి నీడ పడితే అప్పుడు లేచింది. తలుపు తీసి, "కబ్ ఆయే బా?" అన్నది నింపాదిగ.

నాకు కోపం రాలేదు. కాళ్లల్ల వణుకు వచ్చింది.

చెవి మిషన్ కొనిచ్చినం. పెట్టుకోదు. "చెవిల ఈగ కూసున్నట్టు ఉంటది" అంటది. మీ ఇండ్లల్ల కూడా ముసలోళ్లు ఉంటే ఈ సంగతి మీకు కొత్త కాదు.

రాత్రి దస్తర్‌ఖాన్ మీద ఇదే ముచ్చట. మా బిడ్డ పాలిటెక్నిక్‌ల ఎలక్ట్రానిక్స్ డిప్లొమా రెండో ఏడు. "అబ్బూ, బెల్ కొడితే దాదీ కమ్రాల బల్బు మినుకు మినుకుమని వెలగాలె. వినబడకపోతే కనబడుతది కద" అన్నది. అసొంటి బెల్‌లు కొంటే దొరుకుతయి, నాకు తెల్సు. కానీ దానికి కాలేజీల మినీ ప్రాజెక్టు ఇయ్యాలె. నాకేమో ఎన్నేండ్ల నుంచో లోపల పండుకున్న ఒక షౌక్ ఉంది. అది అబ్బా ఇచ్చిపోయిన షౌక్.

అబ్బా పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాల ఒక కంపెనీల మెయింటెనెన్స్ పని చేసేటోడు. షిఫ్ట్ దిగి కందికి వచ్చి, అస్ర్ నమాజ్ అయినంక ఇంటి ముంగటి అర్రల రేడియోలు, టేప్ రికార్డర్లు రిపేర్ చేసేటోడు. హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీలు మా అర్రల ఎప్పుడూ రెండు మూడు పొట్ట ఇప్పుకోని ఉండేవి. రాగి తీగె, సోల్డర్ పొగ, బిస్కెట్ డబ్బాల ట్రాన్సిస్టర్లు. అది నా బచ్‌పన్ వాసన. అబ్బాకు ఒక బయాజ్ ఉండె. షాయర్లు గజళ్లు రాసుకునే పొడుగు నోటుబుక్కును బయాజ్ అంటరు, అబ్బా అందుల సర్క్యూట్లు గీసుకునేటోడు. పక్కన ఉర్దూల నోట్లు. ఆయన పోయినంక అది ట్రంకుల, ఖురాన్ షరీఫ్ గిలాఫ్‌ల పక్కన పెట్టినం.

ఆ రాత్రి దాన్ని బయటికి తీసిన. బిడ్డ పేజీలు తిప్పి తిప్పి నా దిక్కు చూసింది. "బొమ్మ అర్థమైతున్నది అబ్బూ. రాసింది అర్థమైతలేదు."

అది రోజూ ఖురాన్ చదువుతది. హర్ఫులు గుర్తుపడుతది. కానీ చదువు ఇంగ్లీష్ మీడియం, ఇంట్ల దక్కనీ మాట్లాడుతది తప్ప ఉర్దూ చదవలేదు. అండ్ల అబ్బాది ఖత్-ఎ-షికస్తా, నుక్తాలు సగం పెట్టడు. నేను సంగారెడ్డిల ఉర్దూ మీడియం బడిల చదివిన. మా సైన్స్ కితాబ్‌ల కరెంట్‌ను బర్ఖీ రౌ అన్నరు, రెసిస్టెన్స్‌ను ముజాహమత్ అన్నరు. 1918ల ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూల పాఠాలు మొదలుపెట్టింది. దానికి ఏడాది ముంగటే దారుల్ తర్జుమా పెట్టి కితాబులు తర్జుమా చేయించిన్రు, ఇల్మీ మాటలు తయారు చేయించిన్రు. ఆ రివాజే మా సర్కారీ బడి దాకా వచ్చింది. తర్వాత డిగ్రీల నేను తెలుగు తీసుకున్న, అఖ్బార్ల పనికి వచ్చిన. ముజాహమత్ పోయి నిరోధం వచ్చింది. నా బిడ్డకు రెండూ తెల్వవు, దానికి రెసిస్టర్ ఒక్కటే తెల్సు. మా ఇంట్ల అబ్బా బయాజ్ చదవగలిగే మనిషిని నేనొక్కన్నే అని ఆ రాత్రి మొదటిసారి నాకు ఖయాల్ వచ్చింది.

రెండో రోజు బిడ్డ కాలేజీ నుంచి పెన్ డ్రైవ్ తెచ్చింది. అందుల సర్క్యూట్ సాఫ్ట్‌వేర్ ఒకటి. ఖరీదైంది, అసలుకు లైసెన్స్ కొనాలె. ఇది తాళం పగలగొట్టిన కాపీ. ముందు యాంటీవైరస్ బంద్ చేయాలె, తర్వాత ఇంకో చిన్న ఫైల్ నడపాలె, అప్పుడు పనిచేస్తదట.

"అందరూ ఇదే వాడతరు అబ్బూ."

నాకు వెంటనే నోట్లె నుంచి మాట రాలేదు. ఎందుకంటే నేను పాక్ సాఫ్ మనిషిని కాదు. పదేండ్ల కిందట నేను కూడా అట్లనే పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఒక షాపుల మీద పైసలకు ఎక్కించుకున్న. బాగానే నడిచింది. ఒకరోజు పొద్దున లాప్‌టాప్ తెరిస్తే ఫైళ్లన్నిటి పేర్లు మారిపోయినయి, ఒక్కటీ తెరుచుకోదు, పైసలు కడితేనే తాళం తీస్తమని తెర మీద నోటీసు. ఆ కాపీతోనే వచ్చిందని ఖసం తిని చెప్పలేను. కానీ యాంటీవైరస్ బంద్ చేసింది నేనే, వేరే కాపీ పెట్టుకోంది కూడా నేనే. వార్తలు పోతే పోయినయి. అందుల పోలీస్ యాక్షన్ జమానా చూసిన ముసలోళ్ల మాటలు ఉండె. ఊరూరు తిరిగి రికార్డ్ చేసుకున్నయి. వాళ్లల్ల ముగ్గురు ఇప్పుడు దునియాల లేరు. ఆ ముగ్గురి మాటలు ఇంకోసారి నేను యాడికెంచి తేవాలె?

బిడ్డకు ఈ కిస్సా ఎన్నడూ చెప్పలేదు, షరమ్‌తోని. ఆ రోజు చెప్పిన. దాంతోపాటు ఇంకోటి కూడా చెప్పిన.

నాకు పదేండ్లప్పుడు మా గల్లీల సగం ఇండ్లకు కరెంట్ కొండీల మీద నడిచేది. పొద్దు గూకంగనే స్తంభం తీగెలకు వైరు తగిలించుడు, తెల్లారంగ తీసేసుడు. గల్లీల కరెంట్ పని అందరికంటె బాగ తెల్సింది అబ్బాకే. ఒక ఎండకాలం కంపెనీల జీతం ఆగి, బిల్లు కట్టక మా ఇంటి కనెక్షన్ తీసేసిన్రు. అందరూ వచ్చి, "భాయ్, నీకు ఒక్క నిమిషం పని" అన్నరు. అబ్బా నవ్వి ఊరుకున్నడు. నాకు పరీక్షలు. అబ్బా తఖ్రీర్ ఏం చెప్పలేదు. కందీలు చిమ్నీ తుడిచి నా కితాబ్ పక్కన పెట్టిండు.

ఇది హలాల్, అది హరాం అని ఫత్వా చెప్పేంత ఇల్మ్ నాకు లేదు. ఆలిములను అడగండి. నాకు తెల్సింది ఒక్కటే. ఒకల మెహనత్ మీద వాళ్లకు హక్ ఉంటది. అమ్మీ కోసం చేసే చీజ్ ఆ హక్ కొట్టి మొదలుపెట్టుడు నాకు మనసొప్పలేదు. బిడ్డ కొంచెం మూతి ముడుచుకున్నది. "అయితే హలాల్ సాఫ్ట్‌వేర్ మీరే వెతకండి" అన్నది. సరే అన్న.

అట్ల రంజాన్ నెల మొత్తం, తరావీహ్ అయినంక ఒక గంట, మా ఇద్దరికీ ఇదే పని. మేడ మీద కూసుంటే హైవే అవతల ఐఐటీ లైట్లు కనబడుతయి. ఆ ఐఐటీ 2008ల షురూ అయినప్పుడు ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల అమానత్ జాగల నడిచింది. 2015ల మా కందికి వచ్చింది. అక్కడ చిప్పుల డిజైన్ మీద రీసెర్చ్ చేస్తరు. ఇక్కడ గోడ ఇవతల మేం రెండు 555 చిప్పులు, ఒక రిలేతోని కొట్లాడుతున్నం.

మా వెతుకులాటల తేలింది చెప్తా. మీ ఇంట్ల కూడా ఎలక్ట్రానిక్స్ షౌక్ ఉన్న పిల్లలు ఉంటే పనికొస్తది.

మొదలు ఒక సంగతి సాఫ్ చేసుకోవాలె. ఈ సాఫ్ట్‌వేర్లు రెండు రకాల పని చేస్తయి. ఒకటి సిమ్యులేషన్. కరెంట్ ఇయ్యకముందే సర్క్యూట్‌ల ఏ జాగల ఎన్ని ఓల్టులు, ఎంత కరెంట్ ఉంటదో లెక్క కట్టి గీత గీసి చూపించుడు. రెండోది డిజైన్. సర్క్యూట్ బొమ్మ గీసి, దాన్నే రాగి దారులున్న బోర్డుగ మార్చుడు. కొన్ని ఒక్క పనే చేస్తయి, కొన్ని రెండూ చేస్తయి. నాకు ఏ పని కావాలె అని ముందుగల అడుక్కోకపోతే, తోపుడుబండి అవసరం ఉన్నోడు లారీ కొన్నట్టు అయితది.

చిన్న పిల్లలకు టింకర్‌క్యాడ్ సర్క్యూట్స్ మంచిది. బ్రౌజర్‌లనే నడుస్తది, పైసలు లేవు. బ్రెడ్‌బోర్డు, బల్బు, బ్యాటరీ నిజం చీజ్‌ల తీరే కనబడుతయి. తీగె కలిపి బటన్ నొక్కితే బల్బు వెలుగుతది. ఫాల్‌స్టాడ్ అనే ఆయన చేసిన సిమ్యులేటర్ ఒకటి ఉంది, అది కూడా బ్రౌజర్‌లనే. అందుల కరెంట్ చీమల బారు తీరు చుక్కలు చుక్కలుగ నడుస్తది. రెసిస్టర్ పెంచితే చుక్కలు నిదానమైతయి. అది చూడంగనే నాకు బడిల బట్టీ పట్టిన ముజాహమత్ యాదికొచ్చింది. ముప్పై ఏండ్ల తర్వాత అప్పుడు కండ్లతోని చూసిన.

ఈజీ ఈడీఏ అని ఇంకోటి. బ్రౌజర్‌ల బోర్డు డిజైన్ చేయొచ్చు, చైనాల బోర్డులు తయారు చేసే కంపెనీకే ఆర్డర్ పంపొచ్చు. తేలిక. కానీ నెట్ లేకపోతే పని ఆగుతది, నెట్ మా గల్లీల రాత్రిపూట మూడ్ చూసి వస్తది. ఫ్రిట్జింగ్‌ల బ్రెడ్‌బోర్డు బొమ్మలు ముద్దుగుంటయి. ప్రాజెక్టు రిపోర్టుల పెట్టేందుకు పనికొస్తది. ప్రోటియస్ బ్రిటన్‌ల లాబ్‌సెంటర్ వాళ్లది. మైక్రోకంట్రోలర్‌ల ప్రోగ్రాం వేసి సర్క్యూట్‌తోపాటు నడిపి చూడొచ్చని కాలేజీలు ఇష్టపడతయి. అది కొనుక్కోవాల్సింది. కాలేజీ ల్యాబ్‌ల లైసెన్స్ ఉంటే అక్కడ కూసోని నేర్చుకోండి, మంచిదే.

గీతలు బారీకుగ చూడాలంటే ఎల్‌టీస్పైస్. చిప్పులు అమ్మే కంపెనీ దాన్ని ముఫ్త్‌గ ఇస్తది. ముందు లీనియర్ టెక్నాలజీ వాళ్లది, 2017ల ఆ కంపెనీ అనలాగ్ డివైసెస్‌ల కలిసింది. తెర చూస్తే పాత జమానాది అనిపిస్తది, కానీ మా నాలుగు జీబీల ముసలి లాప్‌టాప్ మీద కూడా ఆగకుంట నడిచింది. బోర్డు డిజైన్ మాత్రం అందుల లేదు.

రెండు పనులూ ఒక్క జాగల కావాలంటే కీక్యాడ్. దీని కిస్సా నాకు శానా నచ్చింది. 1992ల ఫ్రాన్స్‌ల గ్రెనోబుల్‌ల జాన్-పియర్ చారాస్ అనే ఉస్తాద్ మొదలుపెట్టిండు. తర్వాత స్విట్జర్లాండ్‌ల కణాలను ఢీకొట్టించి చూసే సెర్న్ సంస్థ వాళ్లు చేయి వేసిన్రు. ఇప్పుడు దునియా మొత్తం మీద మందికి మంది కలిసి నడుపుతున్నరు. ఎవరైనా ఉచితంగ వాడుకోవచ్చు, లోపలి కోడ్ కూడా చూడొచ్చు. 2018ల వచ్చిన ఐదో వర్షన్ నుంచి ఎన్‌జీస్పైస్ అనే సిమ్యులేటర్ కూడా అందులనే ఉంది. మన ఐఐటీ బాంబే వాళ్లు ఈ కీక్యాడ్‌ను, ఎన్‌జీస్పైస్‌ను జోడించి ఈసిమ్ అని చేసిన్రు, మన కాలేజీల పిల్లల కోసమే. కీక్యాడ్ డౌన్‌లోడ్ మాత్రం ఒక జీబీ దాటుతది. మేం సెహరీకి లేచినప్పుడు పెట్టినం, ఫజ్ర్ వరకు దిగింది.

ఈ సిమ్యులేటర్లు చానామట్టుకు స్పైస్ అనే ఒక్క ఖాన్‌దాన్ నుంచి వచ్చినవే. 1973ల అమెరికాల బర్క్‌లీ యూనివర్సిటీల లారీ నాగెల్ అనే స్టూడెంట్, డొనాల్డ్ పెడర్సన్ అనే ప్రొఫెసర్ దాన్ని బయటికి తెచ్చిన్రు. అడిగినోళ్లకు అడిగినట్టు ఇయ్యాలని పెడర్సన్ పట్టు. టేపు ఖర్చు ఇస్తే చాలు. యాభై ఏండ్లయింది. బర్క్‌లీల కాచిన విత్తనం కందిల మా మేడ మీద మొలిచింది. మనం బావి తవ్విస్తే, చెట్టు పెడితే సద్ఖా-ఎ-జారియా అంటం కద. ఈ మనుషుల నియ్యత్ ఏందో అల్లాకే తెల్సు గని, నేను మాత్రం ఆ మాటే అనుకున్న.

"ముఫ్త్‌ది ఎట్లుంటదో అనుకున్న అబ్బూ, ఇది మంచిగనే ఉంది" అన్నది బిడ్డ. ఆ పెన్ డ్రైవ్ సంగతి మల్ల ఎత్తలేదు.

ఇంకో సంగతి కూడా చూసినం. ఈగిల్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటి 1988 నుంచి ఉంది, షౌక్ ఉన్నోళ్లల్ల శానా మంది దాని మీదనే నేర్చుకున్నరు. 2016ల ఆటోడెస్క్ కంపెనీ దాన్ని కొన్నది, తర్వాత ఏడ్కాయేడు చందా కట్టే తీరు పెట్టింది. 2026 జూన్ 7 తర్వాత అమ్ముడు, చూసుకునుడు బంద్ అని 2023లనే చెప్పేసింది. కంపెనీ దాని హిసాబ్ అది చూసుకుంటది, తప్పు పట్టేదేం లేదు. కానీ ఇరవై ఏండ్ల గీతలు అందుల గీసుకున్నోడు ఏం చేయాలె? ఆ ఫైళ్లను తన దాంట్లకు మార్చుకునే దారి కీక్యాడ్ పెట్టింది కాబట్టి కొంత నయం. ఇది చదివినప్పుడు నా చూపు బయాజ్ మీదికి పోయింది. అది కూడా ఒక ఫైలే. తెరిచేటందుకు ఇంట్ల ఒక్కన్నే ఉన్న.

కీక్యాడ్ ఫైల్‌ను మామూలు నోట్‌ప్యాడ్‌ల తెరిస్తే లోపల అక్షరాలు కనబడుతయి. రెసిస్టర్ పేరు, దాని విలువ, ఎక్కడ ఉందో, అన్నీ చదవొచ్చు. రేపు ఆ సాఫ్ట్‌వేర్ లేకపోయినా కష్టపడి చదువుకోవచ్చు. అందుకని అది ఖరారు చేసినం. బారీకు చూపుకు ఎల్‌టీస్పైస్, గీసి దాచుకునేందుకు, బోర్డు చేసేందుకు కీక్యాడ్. మాలాంటోళ్లకు ఈ రెండు చాలు.

ఇగ సర్క్యూట్. రెండు 555లు. బెల్ నొక్కంగనే మొదటిది పదహారు సెకన్లు మేల్కోని ఉంటది. అది మేల్కోని ఉన్నంతసేపు రెండోది సెకనుకు ఒకసారి ఆన్ ఆఫ్ చేస్తది. లెక్క కష్టం కాదు. రెండోదానికి 10 కిలో ఓంలు, 68 కిలో ఓంలు, 10 మైక్రోఫారాడ్ పెడితే సుమారు ఒక్క సెకను వస్తది. అది ట్రాన్సిస్టర్‌ను ఉలిక్కిపడేటట్టు చేస్తది, ట్రాన్సిస్టర్ రిలేను లాగుతది, రిలే బల్బును. 230 ఓల్టుల దిక్కు బిడ్డ చేయి పెట్టొద్దని ముందే ఖసం వేయించుకున్న. అది ఎలక్ట్రీషియన్ పని.

రిలే కాయిల్ 12 ఓల్టులది, 400 ఓంలు. అంటే 30 మిల్లీ ఆంపియర్లు. అబ్బా బయాజ్‌ల ఇసొంటి జాగల ఎస్ఎల్100 వాడేటోడు. ఆ ట్రాన్సిస్టర్ మాకు లైబ్రరీల కనబడలేదు, బీసీ547 ఉంది, 100 మిల్లీ ఆంపియర్ల దాకా ఓరుస్తది. సరే అని అది పెట్టినం. రిలే బొమ్మ కూడా లేదు, కాయిల్‌ను ఇండక్టర్‌గ రాసినం. బటన్ నొక్కితే గీతలు మంచిగ వచ్చినయి. కానీ రిలే ఆఫ్ అయ్యే ప్రతిసారి ట్రాన్సిస్టర్ మీది ఓల్టేజీ గీత మినార్ తీరు పైకి లేస్తున్నది. 12 ఓల్టుల సర్క్యూట్‌ల వందల ఓల్టులు. బీసీ547 ఓర్చేది 45.

"సాఫ్ట్‌వేర్ ఖరాబయిందా?" అన్న నేను.

బిడ్డ కూడా సోంచాయించింది. నేను బయాజ్ తెరిచి రిలే ఉన్న పేజీ వెతికిన. అబ్బా గీసిన బొమ్మల కాయిల్‌కు అడ్డంగ ఒక డయోడ్ ఉంది, తిరగేసి. దాని పక్కన ఎర్ర సిరాతోని ఒక లైను. నేను పైకి చదివిన.

"యే నై తో ట్రాన్సిస్టర్ షహీద్."

ఇది లేకపోతే ట్రాన్సిస్టర్ షహీద్ అయితది. మేమిద్దరం పడి పడి నవ్వినం. నవ్వుకుంటనే బిడ్డ ఆ డయోడ్ పెట్టింది. మల్ల నడిపింది. మినార్ పోయింది. గీత 12 మీద ఇంచుక ఎత్తు, అంతే.

తర్వాత అదే నాకు విడమరిచి చెప్పింది. కాయిల్‌ల కరెంట్ నడుస్తున్నప్పుడు ఒక్కసారి ఆపితే అది ఆగనంటది. పోయే తొవ్వ లేక ఓల్టేజీ పెంచుకుంటది. డయోడ్ ఉంటే ఆ కరెంట్ దాంట్ల నుంచి గుండ్రంగ తిరిగి సల్లబడుతది. ఇంకో మాట కూడా చెప్పింది. గీతల కనబడ్డ అన్ని వందల ఓల్టులు నిజంల రావు. నిజం ట్రాన్సిస్టర్ అంతకు ముందే లోపల తెగిపోతది. సాఫ్ట్‌వేర్‌ల ఉన్న ట్రాన్సిస్టర్‌కు సచ్చుడు నేర్పలేదు, అందుకని అది ఎంతైనా ఓర్చుకుంటున్నట్టు చూపెడుతది. అంటే మనం రాసిచ్చిన దునియానే అది చూపిస్తది. అబ్బాకు ఆ గీత ఎన్నడూ కనబడలేదు. బిస్కెట్ డబ్బాల ఎన్ని షహీద్‌లను పూడ్చి ఆ లైను రాసిండో.

సామాన్ల కోసం ఒక శనివారం కోఠి గుజరాతీ గల్లీకి పోయినం. చిన్నప్పుడు అబ్బా చేయి పట్టుకోని పోయిన గల్లీ. చిల్లర పైసలల్ల వచ్చే సామాన్లు, చిన్న చిన్న ప్లాస్టిక్ పుడ్కెలు. బీసీ547 ఆ దుకాణంల అయిపోయింది, పీఎన్2222 ఇచ్చిండు. "దాని పనే చేస్తది" అన్నడు. నిజమే, పని చేస్తది. ఇంటికొచ్చి ఇఫ్తార్ అయినంక బ్రెడ్‌బోర్డు మీద పెట్టినం. బెల్ నొక్కినం. రిలే టక్కుమనలేదు. మల్ల నొక్కినం. ఏం లేదు. సిమ్యులేషన్‌ల మాత్రం అద్భుతంగ నడుస్తున్నది.

గంట సేపు వైర్లు పీకి పెట్టినం. బిడ్డ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. రెండు రోజులల్ల ప్రాజెక్టు చూపించాలె. అప్పుడు నాకు బయాజ్ ఆఖరి పేజీలు యాదికొచ్చినయి. అబ్బా అక్కడ ట్రాన్సిస్టర్లు ఒక్కొక్కటి గీసి, ఏ కాలు ఏదో రాసిపెట్టిండు. బిడ్డ డేటాషీట్ తెరిచింది. చదునుగ ఉన్న దిక్కు మనకు పెట్టి, కాళ్లు కిందికి ఉంచితే, బీసీ547ల ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. పీఎన్2222ల ఎమిటర్, బేస్, కలెక్టర్. ఉల్టా. తెర మీది ట్రాన్సిస్టర్‌కు కాళ్ల వరస ఉండదు, గుర్తు ఒక్కటే ఉంటది. తిప్పి పెట్టినం. టక్. టక్. టక్.

కీక్యాడ్‌ల బోర్డు చేసేటప్పుడు ఈ తప్పు ఇంకా మహంగా పడేది. అందుల గుర్తు వేరే, కాళ్ల అచ్చు వేరే. ఏ గుర్తుకు ఏ అచ్చు జోడించాలెనో మనిషే చూసుకోవాలె. బోర్డు అచ్చయి వచ్చినంక తెలిస్తే ఏం లాభం? పిల్లలకు నేను చెప్పేది గిదే. సిమ్యులేషన్ తర్వాత డేటాషీట్ చూడండి, డేటాషీట్ తర్వాత బ్రెడ్‌బోర్డు, అప్పుడు బోర్డు. ఫైలు ఇంకో జాగల కాపీ పెట్టుకోండి. ఆ ఆఖరి మాట నా ముగ్గురు ముసలోళ్ల కోసం చెప్తున్న.

ఈద్ అయినంక ఎలక్ట్రీషియన్ వచ్చి అమ్మీ కమ్రాల బల్బుకు కలిపి పోయిండు. నేను బయటికి పోయి బెల్ నొక్కిన. కొన్ని సెకన్లల్లనే తలుపు తెరుచుకున్నది. అమ్మీ నిలబడి ఉంది, చేతిల తస్బీహ్. ఆమె వెనక బల్బు ఇంకా మినుకుతనే ఉంది. నేను సలాం చెప్పిన. నాకు గొంతుల ఏదో అడ్డం పడ్డది.

అమ్మీ జవాబ్ చెప్పి, తిరిగి లోపలికి పోయి, బల్బు దిక్కు చూసి అడిగింది. "నమాజ్‌మే భీ ఐసాచ్ కరేగా క్యా యే?"

నమాజ్‌ల ఉన్నప్పుడు కూడా ఇట్లనే మినుకుతదా అని. నిజమే. మేం ఆ సంగతి సోంచాయించనే లేదు. సజ్దాల ఉన్న మనిషి కండ్ల ముంగట ఈ టక్ టక్ ఏంది?

బిడ్డ నా మొకం దిక్కు చూసింది, లాప్‌టాప్ తెరిచింది. ఒక చిన్న స్విచ్ పెట్టాలె, నమాజ్ టైంల అమ్మీ తనే మెల్లగ మినుకే తీరుకు మార్చుకునేటట్టు. ఒక రెసిస్టర్ మారిస్తే అయితదని అన్నది. ఫైల్ తెరుచుకున్నది.

ఇప్పుడు ప్రతి ఇత్వార్ రాత్రి మేం ఇంకో పని పెట్టుకున్నం. నేను బయాజ్ ఒక్కొక్క పేజీ పైకి చదువుతా, బిడ్డ ఆ సర్క్యూట్ కీక్యాడ్‌ల గీస్తది, అబ్బా రాసిన నోట్లు నేను తెలుగుల ఎక్కిస్తా. పదకొండు పేజీలు అయినయి. పన్నెండో పేజీల ఒక మాట నాకు కూడా అంతుపడుతలేదు, నుక్తాలు లేవు. అమ్మీని అడిగితే అద్దాలు పెట్టుకోని శానా సేపు చూసింది. "తుమారె అబ్బా కా ఖత్ తో వో ఖుద్ బీ నై పడ్ సక్తే థే" అన్నది. ఆయన రాసింది ఆయనకే చదవొచ్చేది కాదట.

బిడ్డ మటుకు ఊకోలేదు. అలిఫ్, బే నుంచి ఉర్దూ మొదలుపెట్టమన్నది. వచ్చే ఇత్వార్ నుంచి అది నాకు కీక్యాడ్ చెప్తది, నేను దానికి ఉర్దూ చెప్తా.